అంబాసిడర్‌కి కొత్త బీడింగ్ అరపూటలో వెయ్యడం ఎలా

తాతగారి 1972 మోడల్ అంబాసిడర్ మీ వాకిట్లో ఉందా? వాన పడితే డ్రైవరు కాళ్ల దగ్గర నీళ్లు నిలుస్తున్నాయా? హైవే ఎక్కగానే డిక్కీలోంచి దుమ్ము లేచి వెనక సీట్లో కూర్చున్న అత్తయ్య గారి పట్టుచీర మీద వాలుతోందా? అయితే నాలుగు తలుపులకీ, డిక్కీకీ రబ్బరు బీడింగ్ అయిపోయినట్టే. మార్చెయ్యండి. చాలా తేలిక.

విజయవాడ ఆటోనగర్‌లో టింకరింగ్ మేస్త్రీని అడిగితే రెండు రోజుల పని అంటాడు. పాత రబ్బరు పీకాలంటాడు, ఎండిపోయిన గమ్ము గీకాలంటాడు, తుప్పు తీసి ప్రైమరు కొట్టాలంటాడు, గమ్ము పెట్టకుండా ఒకసారి రబ్బరు అమర్చి చూడాలంటాడు, అంటించాక తలుపులు మూసి రాత్రంతా వదిలెయ్యాలంటాడు. ఈ చాదస్తానికి భయపడే ఎంతోమంది కారు ముట్టుకోవడం మానేశారు. వాళ్లని చూస్తే నాకు గుండె తరుక్కుపోతుంది. నేనూ ఆ భయంతో మూడేళ్లు గడిపినవాణ్నే. నా మార్క్-2 అంబాసిడర్‌కి ఐదుసార్లు బీడింగ్ వేసిన అనుభవంతో చెబుతున్నాను: పొద్దున్నే ఇడ్లీ తిని మొదలుపెడితే మధ్యాహ్నం భోజనానికి చేతులు కడుక్కోవచ్చు.

రెండు సంగతులు మనసులో పెట్టుకుంటే చాలు. బయట నిలబడి చూసేవాడికి బీడింగ్ నల్లగా, గుండ్రంగా కనిపించాలి. మొదటి వాన పడేలోపు మీ దగ్గర ఒక జవాబు సిద్ధంగా ఉండాలి.

1. పాత రబ్బరు పీకకండి.

యాభై ఏళ్ల రబ్బరు బండలా బిగుసుకుపోయి ఉంటుంది. గీకితే గోళ్లు పోతాయి. అంతకన్నా పెద్ద ప్రమాదం, దాని కింద ఏముందో కనిపిస్తుంది. అక్కడ తుప్పు ఉంటుంది. తుప్పు కనబడిందా, ఇక మీ ఆదివారం పోయినట్టే: వైరు బ్రష్షు, తుప్పు మందు, రెడ్ ఆక్సైడు, రంగు, అది ఆరేదాకా పడిగాపులు. తుప్పు చూసినవాడికే పని. చూడనివాడికి కారు ఎప్పటికీ కొత్తదే. చేత్తో లాగితే ఊడివచ్చినంత తియ్యండి, రానిదాని మీద కొత్తది అంటించెయ్యండి. కింద మెత్తగా పొరలు లేస్తుంటే అదీ మంచిదే, గమ్ముకి పట్టు దొరుకుతుంది.

2. కొలవకండి, నమూనా పట్టుకెళ్లకండి.

పాత రబ్బరు ముక్క ఒకటి కోసి కొట్టుకి తీసుకెళ్లమని అందరూ చెబుతారు. తలుపు రబ్బరు ఆకారం వేరు, డిక్కీ రబ్బరు ఆకారం వేరు, ముందు తలుపులోని చిన్న క్వార్టర్ గ్లాసుకి ఇంకోటి. ముక్క చూపించారంటే కొట్టువాడు సరైనదే ఇస్తాడు, దాని ధరే తీసుకుంటాడు. అందుకని ఒట్టి చేతుల్తో వెళ్లండి. సికిందరాబాద్ రాణిగంజ్‌లోనో, ఆటోనగర్‌లోనో ఏదో ఒక కొట్లో చుట్టలో మిగిలిపోయిన తోక ముక్క మూలన పడి ఉంటుంది. అదెంతుంటే అంతే మీ కారు చుట్టుకొలత.

రకరకాలు చూపిస్తే అన్నింట్లోకీ లావుదే తీసుకోండి. తలుపుకీ ఫ్రేముకీ మధ్య సందు ఎంతుందో చూడటానికి మెత్తటి బంకమట్టి ఉండలు అక్కడక్కడా పెట్టి, తలుపు మూసి తెరిచి, నలిగిన ఉండ మందం కొలుస్తారు కొందరు. ఆ మందాన్ని బట్టి రబ్బరు ఎంచుకుంటారు. మట్టి వినాయక చవితికి. రబ్బరుకి లావే కొలత. లావుంటే నీళ్లు రావన్నది చిన్నపిల్లాడికి కూడా తెలిసిన సంగతి. తలుపు పడదేమోనని బెంగపడకండి, ఎనిమిదో చిట్కాలో దానికి మందు ఉంది.

3. ఇంట్లో ఉన్నవి వాడండి.

పాడైన ఫ్రిజ్ తలుపు రబ్బరు చాలా శ్రేష్ఠం. లోపల అయస్కాంతం పట్టీ ఉంటుంది, అంబాసిడర్ బాడీ అచ్చమైన ఇనుప రేకు. గమ్ము ఖర్చు లేకుండా దానంతట అదే అతుక్కుంటుంది. బెంజి సర్కిల్ దాకా ఊడదు. డిక్కీకి సైకిలు ట్యూబు నిలువునా చీల్చి వెయ్యొచ్చు. కుక్కరు గ్యాస్కెట్ గురించి నన్ను చాలామంది అడుగుతుంటారు. అది గుండ్రంగా ఉంటుంది, తలుపు గుండ్రంగా ఉండదు, కాబట్టి వద్దు.

4. తలుపు వేలాడుతుంటే వేలాడనివ్వండి.

అంబాసిడర్ తలుపు బరువు అంతా ఇంతా కాదు. ఏళ్ల తరబడి తెరిచి మూసేసరికి కీళ్లలో పిన్నులు అరిగి, తలుపు వెనక కొన కిందికి జారుతుంది. తలుపు సగం తెరిచి హ్యాండిల్ వైపు పట్టుకుని పైకెత్తి చూడండి, టకటకమని ఆడితే పిన్నులు పోయాయన్న మాట. ముందు పిన్నులు మార్చి, తలుపుని సమంగా నిలబెట్టి, తర్వాత స్తంభానికున్న స్ట్రైకరు సరిచేసుకుని, ఆ తర్వాత బీడింగ్ వెయ్యడం ఒక పద్ధతి. మన పద్ధతిలో బీడింగే తలుపుని మోస్తుంది. తలుపు జారడం వల్ల పైన సందు పెరిగిన చోట రబ్బరు రెండు వరసలు వెయ్యండి, కింద ఒరుసుకుంటున్న చోట బ్లేడుతో సగం కోసెయ్యండి. అటు తీసి ఇటు వేశారు కాబట్టి ఖర్చు సమానం.

పైకెత్తి చూడకపోతే ఇంకా మంచిది.

5. గమ్ము ఒకవైపే, దండిగా.

రబ్బరు గమ్ము డబ్బా మీద రెండు వైపులా పల్చగా రాసి, వేలికి అంటుకోనంతగా ఆరాక అదమమని రాసి ఉంటుంది. రెండు వైపులా రాస్తే గమ్ము రెండింతలవుతుంది. ఆరేదాకా ఆగితే టీ చల్లారుతుంది. రేకు మీదే రాయండి, దోసెపిండిలా మందంగా, వెంటనే రబ్బరు పెట్టి నొక్కెయ్యండి. జారుతుంటే మళ్లీ నొక్కండి. రేకు మీద నూనో, మైనమో, దుమ్మో ఉంటే తుడవనక్కర్లేదు, గమ్ముకి కనిపించదు.

ఈ పనికి ముసురు పట్టిన రోజు ఎంచుకోండి. గాల్లో తేమ ఉంటే గమ్ము సరిగ్గా పట్టదని అంటారు గానీ, వాన రోజయితే ఎవరూ బయటికి తీసుకెళ్లమని అడగరు. పనికి మనశ్శాంతి ముఖ్యం.

బయటికి కారిన గమ్ముని థిన్నరు గుడ్డతో గట్టిగా తుడవండి. పాత డ్యూకో రంగయితే గమ్ముతో పాటు రంగూ చక్కగా కరిగి వచ్చేస్తుంది. అక్కడ నల్ల ఇన్సులేషన్ టేపు వెయ్యండి. దూరం నుంచి బీడింగ్ వెడల్పుగా, ఖరీదైనదిలా కనిపిస్తుంది.

6. లాగి అంటించండి.

ఈ ఒక్క చిట్కా కోసమైనా ఈ వ్యాసం దాచుకోండి. రబ్బరుకి దేవుడిచ్చిన గుణం సాగడం. దాన్ని వాడుకోనివాడు డబ్బు పారేసుకుంటున్నట్టే. అసలు పద్ధతిలో రబ్బరు లాగకూడదు. కాస్త ఎక్కువే ఉంచి, లోపలికి తోస్తున్నట్టుగా అమర్చి, చివర్లో రెండు కొనలూ ఒకదాన్నొకటి నెట్టుకునేట్టు ఓ అర సెంటీమీటరు పొడుగ్గా కోసి కలుపుతారు. మనం ఒక కొన బావమరిదికిచ్చి రెండో కొన పట్టుకుని లాగుదాం. తలుపుకి మూరెడు మిగులుతుంది. నాలుగు తలుపులూ డిక్కీ కలిపి ఐదు మూరలు. మా ఇంట్లో ఆ ఐదు మూరలతో స్నానాల గది తలుపు కింద సందు మూశాను.

సాగిన రబ్బరు వారం పది రోజుల్లో మెల్లగా తన పొడవుకి తను వచ్చేస్తుంది. అప్పుడు మూలల దగ్గర లేస్తుంది, అతుకు దగ్గర వేలు దూరేంత సందు వస్తుంది. కానీ అప్పటికి పని అయిపోయి పది రోజులు దాటుతుంది కదా.

మూలల్లో రబ్బరు వంచకండి. వంచితే లోపలి గొట్టం నలిగి చదునవుతుందని, అందుకే లోపలివైపు చిన్న గాట్లు పెట్టి తిప్పాలని, లేదా మూలకి అచ్చుపోసిన ముక్క దొరికితే అది వాడాలని పాత మేస్త్రీలు చెబుతారు. మూలని వదిలేసి ఐమూలగా అడ్డం లాగండి. దూరం తగ్గుతుంది.

అతుకు ఎక్కడ పెట్టాలి? తలుపుకయితే అడుగున పెడతారు, నీళ్లు తిన్నగా దాని మీద పడవని. అడుగున పెట్టడానికి నేల మీద కూర్చోవాలి, మోకాళ్లు నొప్పి. పైన, రూఫ్ గట్టరు కిందే పెట్టండి. నిలబడి పని చేసుకోవచ్చు. సందు మిగిలితే ఎం-సీల్ ముద్ద కూరి, ఆరాక బూటు పాలిష్ రాయండి.

7. కనిపించిన రంధ్రమల్లా మూసెయ్యండి.

కొత్త బీడింగ్ గొట్టం మీద అక్కడక్కడా చిన్న చిల్లులు ఉంటాయి. తలుపు మూసినప్పుడు గొట్టంలోని గాలి బయటికి పోవడానికట. నీళ్లు ఆపాల్సిన వస్తువుకి చిల్లులేంటి? గమ్ముతో మూసెయ్యండి.

తలుపు అడుగు అంచున కూడా కొన్ని రంధ్రాలు ఉంటాయి. వాటి కథ వేరు. అద్దం పైకీ కిందికీ జరిగే చోట ఫెల్టు ఎంత బాగున్నా కొన్ని నీళ్లు తలుపు లోపలికి దిగుతాయి. వాన నీళ్లు తలుపులోకి రావడం, అడుగు రంధ్రాల్లోంచి కారిపోవడం ఈ కార్ల తయారీలోనే ఉంది. లోపలి అట్ట వెనక ఒక ప్లాస్టిక్ పొర ఉండేది కూడా ఆ నీళ్లు సీట్లవైపు రాకుండానే. ఇదంతా తెలుసుకున్నాక నేను తీసుకున్న నిర్ణయం ఒకటే: లోపలికి వచ్చినదాన్ని బయటికి పంపడం మర్యాద కాదు. రంధ్రాల్లో ఎం-సీల్ కూరండి. వాన తగ్గాక కారు తీస్తే తలుపులోంచి కొబ్బరి బొండాం ఊపినట్టు గలగలమని చప్పుడు వస్తుంది. పిల్లలకి ఎంత సరదానో! ఏడాదికల్లా అడుగు అంచు రేకు పొంగి బుడగలు తేలుతుంది. అప్పుడు మళ్లీ రంధ్రాలు వాటంతట అవే పడతాయి. ఈసారి మూయకండి.

8. తలుపు పడకపోతే బలం వాడండి.

లావు రబ్బరు వేశారు కాబట్టి పడదు. స్ట్రైకరు కొంచెం బయటికి జరిపితే పడుతుంది గానీ దానికి స్క్రూ డ్రైవరు వెతకాలి. నడుముతో గుద్దండి. రెండు మూడు గుద్దులకి పడుతుంది, రాత్రికి రబ్బరు అణిగి అలవాటు పడుతుంది. అద్దం కొంచెం దించి ఉంచితే లోపలి గాలి పోయి తలుపు సులువుగా మూసుకుంటుంది, కానీ అద్దం దించితే తిరిగి ఎక్కించాలి.

ఎప్పుడూ మీరు గుద్దకండి. ఎక్కినవాళ్లతో గుద్దించండి. “తలుపు కాస్త గట్టిగా వెయ్యండి మావయ్యా” అనండి. హ్యాండిల్ ఊడినా, అద్దం పగిలినా అది మావయ్య గారి చేతిలో జరిగిందే. ఆయన చాలా బాధపడతారు, బాగు చేయిస్తానంటారు. మొదటిసారి వద్దనండి. రెండోసారి ఊరుకోండి.

అయినా పడకపోతే ఎడమ తలుపు హ్యాండిల్ నుంచి కుడి తలుపు హ్యాండిల్‌కి లోపలినుంచి నవారు కట్టండి. మా ఊళ్లో పెళ్లి ఊరేగింపుకి నా కారు అలాగే వెళ్లింది. పెళ్లికొడుకుని అద్దంలోంచి దింపాం.

9. డిక్కీ గురించి ఆలోచించకండి.

డిక్కీలో మనుషులు కూర్చోరు. కాబట్టి తలుపులకి వేశాక మిగిలింది మూడు వైపులా వచ్చినంత మేర వెయ్యండి, తాళం వైపు వదిలెయ్యండి. దుమ్ము వస్తుంది, జాకీ మీద చెమ్మ చేరుతుంది, అంతే.

సైలెన్సరు గొట్టం కూడా అటే ఉంది కదా అని ఒకాయన నన్ను నిలదీశాడు. నిజమే, పరిగెత్తే కారు వెనక గాలి ఒత్తిడి తగ్గుతుంది. డిక్కీ రబ్బరు సరిగ్గా లేకపోతే ఆ పొగ లోపలికి లాక్కుంటుంది, వెనక సీటు దాటి మనుషుల దాకా వస్తుంది. వెనక అద్దాలు దించితే ఇంకా ఎక్కువ లాగొచ్చు. పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ లేదు, వాసనా లేదు. రంగూ వాసనా లేనిదాని మీద ఎవరు ఫిర్యాదు చేస్తారు? గుంటూరు దాటేసరికి వెనక సీట్లో అందరికీ తల పట్టేసినట్టుంటుంది, వికారంగా ఉంటుంది, పిల్లలు మత్తుగా తూలుతుంటారు. ఎండదెబ్బ అనండి. డిసెంబరయితే నిద్ర చాల్లేదనండి. నిమ్మకాయ వాసన చూపించి బండి పోనివ్వండి.

10. పరీక్ష మీ చేతుల్లోనే ఉంచుకోండి.

బీడింగ్ బాగుందో లేదో చూడటానికి కాగితం పెట్టి తలుపు మూసి లాగుతారు. బిగుతుగా వస్తే మంచిది, జారివస్తే అక్కడ సందు ఉన్నట్టు. చుట్టూ జానెడు జానెడు దూరంలో చూడాలట. మీరు కీళ్ల వైపు ఒక్కచోటే చూడండి. అక్కడ ఎప్పుడూ బిగుతుగానే ఉంటుంది. చూసేవాళ్లు ఉంటే ఐదు వందల నోటు పెట్టండి. నోటు చిరిగిపోతుందేమోనని వాళ్లే ఆపేస్తారు.

నీళ్ల పరీక్ష అంటే ఒకరు లోపల టార్చిలైటు పట్టుకుని కూర్చోవాలి, ఒకరు బయటినుంచి పైపుతో కింద మొదలుపెట్టి మెల్లగా పైకి నీళ్లు పట్టాలి, ఎక్కడ కారుతోందో తెలియడానికి. ఎక్కడ కారుతోందో తెలిస్తే మళ్లీ పని. బానెట్ మీద రెండు చెంబులు పోసి, సీటు తడిమి చూసి, “ఒక్క చుక్క రాలేదు” అనండి. గట్టిగా అనండి, పక్కింటికి వినబడేలా.

11. నిగనిగకి వాడేసిన ఇంజనాయిలు.

రబ్బరుకి సిలికాన్ గ్రీజు రాయమంటారు. సర్వీసింగులో తీసేసిన నల్ల ఆయిలు ఊరికే వస్తుంటే డబ్బెందుకు? రాయగానే రబ్బరు కాకి రెక్కలా మెరుస్తుంది. తర్వాత ఉబ్బుతుంది, మెత్తబడుతుంది, వేలు పెడితే జిగురుగా ఊడొస్తుంది. ఉబ్బినంత కాలం సందులు పూడినట్టేగా. ఎక్కేటప్పుడు బట్టలకి అంటితే తెల్ల బట్టలు ఎందుకు కట్టుకొచ్చారని అడగండి.

12. జవాబులు వరసగా పేర్చుకోండి.

రాజుగారి ఏడు చేపల కథ చిన్నప్పుడు అందరం విన్నాం. చేపా చేపా ఎందుకు ఎండలేదంటే గడ్డిమోపు అడ్డమొచ్చింది, గడ్డిమోపంటే ఆవు మెయ్యలేదు. పాత కారు ఉన్నవాడికి ఇంతకు మించిన చదువు లేదు. నీళ్లెందుకు కారాయి? రబ్బరు లేచింది. రబ్బరెందుకు లేచింది? తలుపు జారింది. తలుపెందుకు జారింది? పిన్ను అరిగింది. పిన్నెందుకు అరిగింది? తాతగారు గ్రీజు పెట్టలేదు. తాతగారు ఫొటోలో ఉన్నారు. ఎప్పుడైనా వరస చివర ఫొటోలో ఉన్నవాళ్లనే పెట్టండి.

కారు తెలిసినవాళ్లకి వేరే జవాబు ఉంచుకోండి. అంబాసిడర్ పుట్టింది ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్-3 నుంచి. బెంగాల్లోని ఉత్తర్‌పారా ఫ్యాక్టరీలో 2014లో తయారీ ఆగిపోయింది. “తయారీయే ఆగిపోయాక ఒరిజినల్ రబ్బరు ఎక్కణ్నుంచి తెమ్మంటారు?” అని ఒక్క మాట అంటే ఎదుటివాడి కళ్లు చెమ్మగిల్లుతాయి. ఆటోనగర్లో దానికి తగ్గ రబ్బరు ఇప్పటికీ దొరుకుతుందన్న సంగతి ఆ కన్నీళ్లలో కొట్టుకుపోతుంది.

ఇంట్లోవాళ్లకి ఇంకోటి. యాభై ఏళ్లు దాటిన కార్లకి 2021లో కేంద్రం వింటేజ్ నమోదు తెచ్చింది, నంబరులో వి.ఎ. అక్షరాలు వస్తాయి, కొత్త నమోదుకి రుసుము 20,000 రూపాయలు. బాడీ, ఛాసిస్, ఇంజను పెద్దగా మార్చి ఉండకూడదు. దీన్ని పట్టుకోండి. “రబ్బరు ముట్టుకుంటే వింటేజ్ పోతుంది” అనండి. రబ్బరుకీ దానికీ సంబంధం లేదని ఇంట్లో ఎవరూ గెజిట్ తీసి చూడరు. ఆ 20,000 కూడా మీరు కట్టబోవడం లేదు కాబట్టి ఒకే మాటతో రెండు ఖర్చులు తప్పాయి.

13. తివాచీ ఎత్తకండి.

లోపలికి వచ్చిన నీళ్లు తివాచీ కింద జనపనార పట్టలో ఇంకుతాయి. పైకి పొడిగానే ఉంటుంది. రెండు వానాకాలాలకి కింద నేల రేకు జల్లెడవుతుంది. అంబాసిడర్‌కి విడిగా ఛాసిస్ లేదు, ఆ రేకుల పెట్టే దాని ఎముకల గూడు. గుమ్మాల కింది పెట్టెలు తుప్పుపడితే కారు నడుం దగ్గర కిందికి దిగుతుంది. అప్పుడు తలుపులు తెరిస్తే మూసుకోవు, మూస్తే తెరుచుకోవు. మూసి ఉన్నప్పుడు ఆగేట్టు చూసుకోండి. ఆ స్థితికి వచ్చిన కారుకి నీళ్లు పట్టక్కర్లేదు, తుడవక్కర్లేదు, బండి తియ్యమని ఎవరూ అడగరు. నా మార్క్-2 కిందటి శ్రావణంలో అక్కడికి చేరింది. అప్పటినుంచి నా ఆదివారాలన్నీ నావే.

14. తూకానికి ఇచ్చేటప్పుడు దగ్గరుండండి.

పాత ఇనప సామాన్లవాడు రబ్బరు తూకంలోకి రాదని ముందే పీకి పక్కన పడేస్తాడు. మనం వేసిన బీడింగ్ ఎలాగూ సగం ఊడే ఉంటుంది కాబట్టి అతనికి ఐదు నిమిషాలు పట్టదు. ఆ రబ్బరు అతనికి వదలకండి. ఇనుముకి అతను ఇచ్చే డబ్బు లెక్కపెట్టుకున్నాక, రబ్బరు ముక్కలన్నీ ఏరి, చుట్ట చుట్టి, పురికొసతో కట్టి అటక మీద పెట్టండి. మా మావయ్య గారి ప్రీమియర్ పద్మినికి డిక్కీలో నీళ్లు కారుతున్నాయట. వచ్చే ఆదివారం వస్తానని మాటిచ్చాను.